వెనక ఇరుసు వావివరసలు

మజ్దా మియాటా నడిపేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట ఎక్కడ మొదలైనా వెనక ఇరుసు దగ్గరికొచ్చి ఆగుతుంది. టర్బో పెట్టాలని కలలు కనేవాళ్లకైనా, ఆదివారం పూట ఖాళీ పార్కింగ్ స్థలాల్లో కోన్‌ల మధ్య ఆటోక్రాస్ తిప్పేవాళ్లకైనా, నాలాగా వాన రోజు మలుపులో లోపలి చక్రం ఊరికే గిరగిరా తిరిగితే చిరాకుపడేవాళ్లకైనా ఒకటే ప్రశ్న: ‘94 తర్వాతి డిఫరెన్షియల్ దొరికిందా?’

1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో బయటపెట్టిన కారు ఇది. రెండు సీట్లు, వెనక్కి మడిచే టాపు, ముందు ఇంజిను, వెనక చక్రాలకు నడక. బ్రిటిష్ స్పోర్ట్స్ కార్లు ఆయిలు కార్చుకుంటూ వెళ్లిపోయాక మిగిలిన ఖాళీని జపాన్‌వాళ్లు ఆయిలు కారని కారుతో నింపారు. అమెరికాలో మొదటి నాలుగు మోడల్ సంవత్సరాలూ 1.6 లీటర్ల ఇంజిను, 1994 మోడల్ నుంచి 1.8. ఇంజినుతో పాటు వెనక డిఫరెన్షియల్ కూడా ఒళ్లు చేసింది. దాని లోపలి పెద్ద గేరు, క్రౌన్ వీల్ అంటారు, 6 అంగుళాల నుంచి 7 అంగుళాలకు పెరిగింది. ఒక్క అంగుళమే కదా అనిపిస్తుంది. 1.6 ఇంజినుకు టర్బో తగిలించి, జిగురు టైర్లు వేసి, రెండో గేరులో క్లచ్ వదిలినవాళ్లకు మాత్రం ఆ అంగుళం విలువ పళ్లు రాలిన చప్పుడుతో సహా తెలుసు.

కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం పరిగెత్తాలి. రెండింటినీ ఒకే ఇరుసుకు బిగించేస్తే టైర్లు ఈడ్చుకుపోతాయి. ఒనెసిఫోర్ పెకర్ అనే ఫ్రెంచి ఇంజినీరు 1820ల చివర్లోనే ఆవిరి బండి కోసం దీనికి గేర్లతో ఉపాయం కట్టాడు. ఇన్నేళ్లయినా మామూలు డిఫరెన్షియల్ సారం అదే. అది రెండు చక్రాలకూ బలాన్ని సమానంగా పంచుతుంది. వినడానికి బాగానే ఉంటుంది గానీ ఆ సమానత్వంలోనే చిక్కు ఉంది. ఒక చక్రం తడి ఆకుల మీద జారితే అది ఎంత తక్కువ బలం పట్టగలదో రెండోదానికీ అంతే అందుతుంది. గట్టి నేల మీదున్న చక్రం చేతులు కట్టుకుని నిలబడుతుంది.

గోదావరి జిల్లాల్లో దమ్ము చేసే ట్రాక్టరు డ్రైవర్‌కు ఇది కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. ఒక చక్రం బురదలో కూరుకుపోయి తిరుగుతుంటే మడమ దగ్గరి పెడల్ తొక్కి డిఫ్ లాక్ వేస్తాడు. రెండు చక్రాలూ ఒకటై బండి బయటపడుతుంది. మలుపు తిప్పే ముందు వదిలేస్తాడు. రోడ్డు మీద గంటకు 60 మైళ్ల వేగంతో వంపు తిరిగే కారులో అలా తొక్కి వదలడం కుదరదు. ఎంతవరకు విడదీయాలో, ఎంతవరకు కలపాలో దానంతటదే తేల్చుకునే ఏర్పాటు కావాలి. అదే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, పొట్టిగా ఎల్‌ఎస్‌డీ.

1.6 కార్లలో కొన్నింటికి ఇచ్చింది విస్కస్ రకం. సిలికాన్ ద్రవంలో మునిగిన పలుచని పళ్లేలు, రెండు చక్రాల వేగాల్లో తేడా పెరిగేకొద్దీ ఒకదాన్నొకటి లాగుతాయి. జారడం మొదలయ్యాకే దానికి మెలకువ వస్తుంది. పైగా ముప్పై ఏళ్ల తర్వాత ఆ ద్రవంలో చేవ మిగలదు. ‘ఎల్‌ఎస్‌డీ ఉన్న కారండీ’ అని అమ్మేవాడు గొప్పగా చెప్పే చాలా విస్కస్‌లు ఇవాళ మామూలు డిఫరెన్షియల్‌తో సమానం.

1.8కి వచ్చిన టోర్సెన్ దారి వేరు. అమెరికన్ వెర్నాన్ గ్లీస్‌మన్ ఆలోచన అది. ద్రవం లేదు, అరిగిపోయే క్లచ్ పళ్లేలు లేవు, అంతా గేర్ల ఒరిపిడి మీదే నడుస్తుంది. పట్టు తక్కువున్న చక్రం ఎంత బలం మోయగలదో దానికి కొన్ని రెట్లు రెండో చక్రానికి పంపిస్తుంది. జారే దాకా ఆగదు, బలం మొగ్గు మారగానే పని చేస్తుంది. మలుపు సగంలో యాక్సిలరేటర్ తొక్కితే కారు వెనక భాగం మన నడుము కిందే ఉన్నట్టు తెలుస్తుంది. దీనికీ ఒక బలహీనత ఉంది. లోపలి చక్రం పూర్తిగా గాలిలోకి లేస్తే అది మోసే బలం సున్నా, సున్నాకు ఎన్ని రెట్లయినా సున్నానే. అప్పుడు హ్యాండ్‌బ్రేక్ కొద్దిగా లాగితే ఆ చక్రానికి మోయడానికి ఏదో ఒకటి దొరికి, రెండోది కదులుతుంది. 1994లో వచ్చిన టోర్సెన్ మొదటి రకం, తర్వాతి ఏళ్లలోది రెండో రకం. వీటిలో ఏది మేలన్న వాదన గంటలకొద్దీ సాగుతుంది. రోడ్డు మీద ఆ తేడా కనిపెట్టగలనన్నవాళ్లను నేను మర్యాదగానే నమ్మకుండా ఉంటాను.

ఇక మార్పిడి. ‘94 డిఫరెన్షియల్ 93 కారుకు సరిపోతుందా?’ అని అడిగితే ‘సరిపోతుంది’ అనే జవాబు నిజమే, అయితే సగం నిజం. హౌసింగ్ పాత సబ్‌ఫ్రేమ్‌కు బిగుసుకుంటుంది. గేర్‌బాక్స్ తోక నుంచి డిఫరెన్షియల్ ముక్కు దాకా నడిచే అల్యూమినియం దూలం, పవర్ ప్లాంట్ ఫ్రేమ్ అంటారు దాన్ని, అదీ ఒప్పుకుంటుంది. ముందు వైపు ఫ్లాంజ్ మాత్రం పెద్దది. పాత ప్రొపెల్లర్ షాఫ్ట్ దానికి కుదరదు కాబట్టి 1.8 షాఫ్ట్ తేవాలి. పక్కల హాఫ్ షాఫ్ట్‌లూ అంతే. వాటి బయటి కొన పాత హబ్‌లో చక్కగా దిగుతుంది, లోపలి కొన మాత్రం పెద్ద డిఫరెన్షియల్‌కే అతుకుతుంది. పెళ్లి సంబంధంలో పిల్లను ఒక్కదాన్నే పంపరు కదా, ఇక్కడా మేనత్తా మేనమామా కలిసే వస్తారు. అందుకే ఇరుసునూ షాఫ్ట్‌లనూ వేరువేరు చోట్ల ఏరుకోవడం కన్నా ఒకే స్క్రాప్ కారు కింది నుంచి మొత్తం కుటుంబాన్ని దింపుకోవడం మంచిది. డబ్బులు కొంచెం ఎక్కువైనా సరే.

అయితే ప్రతి 1.8 కింద టోర్సెన్ ఉండదు, అది ఎంచుకున్నవాళ్లకు ఇచ్చిన సదుపాయం. స్క్రాప్ యార్డులో పరీక్ష సులువే. రెండు వెనక చక్రాలూ లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఒకదాన్ని చేత్తో తిప్పాలి. రెండోది ఎదురు దిశలో తిరిగితే అది మామూలుది, వదిలేసి నడవండి.

పనిలో కష్టమంతా తుప్పుదే. మేముండే మిషిగన్‌లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. సస్పెన్షన్ కింది ఆర్మ్ చివర ఉండే పొడవాటి బోల్టు దాని బుష్‌తో ఏకమైపోయి, పానాకు పొడుగు గొట్టం తొడిగి వేలాడినా కదలదు. కాలిఫోర్నియాలో ఒక శనివారంలో అయ్యే పని ఇక్కడ బోల్టు తెగితే వచ్చే వారానికి వాయిదా. హబ్ నట్టు 29 మిల్లీమీటర్లది, చక్రాలు నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి. తిరిగి కట్టేటప్పుడు తొందరపడకూడనిది ఆ అల్యూమినియం దూలం దగ్గర. గేర్‌బాక్స్ ఎత్తు కొలిచి బిగించకపోతే ఇంజినూ గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ ఒక వరుసలో ఉండవు, దారి పొడుగునా సన్నని వణుకు వస్తుంది. ఆయిలు నింపే ప్లగ్గు ముందు తెరిచి, ఆ తర్వాతే కింది ప్లగ్గు విప్పాలి. ఆయిలు మొత్తం దింపేశాక పైది బిగుసుకుపోయిందని తెలిస్తే కారు కదలదు. హైపాయిడ్ గేర్లకు తగ్గ జీఎల్-5 ఆయిలు చాలు, టోర్సెన్‌కు క్లచ్ రకానికి వేసే ప్రత్యేక మందు కలపనక్కర్లేదు. చిన్న డిఫరెన్షియల్ ముప్పావు లీటరుకు లోపే తాగేది, ఇది లీటరు తాగుతుంది.

హౌసింగ్ విప్పి లోపలి గేర్లు మాత్రమే మార్చుకోవచ్చుగా అని కొందరంటారు. క్రౌన్ వీల్, పినియన్ జంటగా పుట్టి జంటగా అరుగుతాయి. వాటి మధ్య ప్లే మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉండాలి. పళ్లకు రంగు పూసి, తిప్పి, ఆ ముద్ర పంటి నడిమధ్య పడుతోందా అంచుకు జరుగుతోందా అని చూసి, షిమ్‌లనే పలుచని రేకులు మార్చి, మళ్లీ పూయాలి. ఆ విద్య చేతిలో ఉన్నవాళ్లంటే నాకు గౌరవం. గరాజులో నేల మీద పడుకుని చేసే మనలాంటివాళ్లు మాత్రం మూసిన పెట్టెను మూసినట్టే మార్చుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. దారంతా గుయ్ మని పాడే ఇరుసు వినడం కన్నా టోర్సెన్ లేకపోవడం నయం.

నిజానికి రోజూ మన అనుభవంలోకి వచ్చేది టోర్సెన్ కాదు, క్రౌన్ వీల్‌కూ పినియన్‌కూ మధ్య పళ్ల నిష్పత్తి. 1.6 కార్లలో 4.3 ఉండేది. 94-97 కార్లలో 4.1. 99 తర్వాతి ఆరు గేర్ల కార్లలో 3.909. 4.3 తీసి 4.1 పెడితే హైవే మీద 3500 చుట్లు తిరిగే ఇంజిను 3340 దగ్గరికి దిగుతుంది. చెవులకు సుఖం, పికప్‌లో చిన్న తగ్గుదల. ఆ బేరం నాకు నచ్చింది. స్పీడోమీటరు మాత్రం గేర్‌బాక్స్ తోక దగ్గర కొలుస్తుంది, వెనక ఏం మారిందో దానికి తెలియదు. అది 60 మైళ్లు చూపిస్తున్నప్పుడు మీరు 63లో ఉంటారు. ట్రాఫిక్ పోలీసుకు ఈ లెక్క వివరించడం కన్నా దాన్ని నడిపే చిన్న ప్లాస్టిక్ గేరు మార్చుకోవడం తేలిక.

3.909 మార్కెట్లో చవగ్గా కనబడుతుంది, చాలామంది అక్కడే జారుతారు. ఆరు గేర్ల పెట్టెలో మొదటి గేరు 3.76, అందుకే వెనక అంత పొడుగు నిష్పత్తి చెల్లుతుంది. అయిదు గేర్ల కారులో మొదటిది 3.136. రెండూ కలిస్తే ఎత్తు రోడ్డు మీద సిగ్నల్ పడ్డ ప్రతిసారీ క్లచ్ కాలిన వాసన. ఎవరైనా 3.909 చవగ్గా ఇస్తామంటే, దాని వెంట గేర్‌బాక్స్ కూడా ఇస్తారేమో ముందు అడగండి.