మంట నుంచి సైరన్ దాకా

క్షిపణి నేలను వదిలిన తొలి నిమిషాల్లో దాని తోకమంటను మించిన ఆనవాలు ఉండదు. ఇంజను ఆరిందంటే దాన్ని కనిపెట్టడం ఎన్నో రెట్లు కష్టం. కాబట్టి మండుతున్నంతసేపట్లోనే పట్టుకోవాలి. ఈ ఒక్క పని కోసం అమెరికా స్పేస్ ఫోర్స్ అమర్చుకున్న ఏర్పాటును విడదీసి చూస్తే, ఉపగ్రహాన్ని బిగించడంలో ఎంత పనితనం ఉందో మనుషులను అమర్చడంలోనూ అంతే కనిపిస్తుంది.

ముందు కన్ను సంగతి. 36,000 కి.మీ. ఎత్తున ఉన్న ఉపగ్రహాలు పరారుణ కాంతిని చూస్తాయి. కానీ ఎడారి ఇసుక, కార్చిచ్చు, ఉక్కు కొలిమి అన్నీ ఆ కాంతిని విడిచేవే. వాటి మధ్య రాకెట్టును గుర్తుపట్టేదెలా? గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ కొన్ని తరంగదైర్ఘ్యాలను మింగేస్తాయి. సరిగ్గా వాటినే ఎంచుకున్నారు. నేల మీది వేడి ఆ తరంగాల్లో పైదాకా రాదు. రాకెట్టు దట్టమైన గాలిని దాటి పైకి లేవగానే దాని మంట ఒక్కటే వెలుగుతుంది. చూపుకు అడ్డమైన గాలినే వడపోతగా వాడుకున్న ఈ ఉపాయం ఎన్నిసార్లు తలుచుకున్నా ముచ్చటేస్తుంది.

1970లో మొదలైన డీఎస్‌పీ అనే క్షిపణి హెచ్చరిక ఉపగ్రహాలు నిమిషానికి ఆరుసార్లు తమ చుట్టూ తాము తిరిగేవి. కాస్త వాలుగా బిగించిన టెలిస్కోపు ఆ తిరుగుడుతోనే పది సెకన్లకోసారి తనకు కనిపించే భూభాగాన్నంతా గాలించేది. వాటి తర్వాత 2011 నుంచి కక్ష్యలోకి చేరిన సిబర్స్ అనే ఉపగ్రహాల్లో రెండు సెన్సర్లుంటాయి: ఒకటి విశాలమైన ప్రాంతాన్ని తుడుస్తూ పోతుంది, రెండోది కావలసిన చోట చూపు నిలుపుతుంది.

ఆ సంకేతాలు దిగే చోటు కొలరాడోలోని బక్లీ స్థావరం. అక్కడ రెండో స్పేస్ వార్నింగ్ స్క్వాడ్రన్ రాత్రింబవళ్ళు షిఫ్టుల్లో కాపలా ఉంటుంది. ఇది నిజంగా క్షిపణేనా, ఎక్కడ లేచింది, ఎటు పోతోంది, ఎక్కడ పడొచ్చు అన్నది తేల్చి కబురు పంపాలి. 2020 జనవరి 8న ఇరాన్ క్షిపణులు ఇరాక్‌లో అమెరికా సైనికులున్న అల్ అసద్ స్థావరం మీదికి లేచినప్పుడు ఈ స్క్వాడ్రనే హెచ్చరించింది. దాడి రావచ్చన్న సమాచారం ముందే ఉన్నా, ఎప్పుడు తలదాచుకోవాలో చెప్పగలిగింది ఈ కబురే. వందమందికి పైగా సైనికుల మెదళ్ళు అదురుకు దెబ్బతిన్నాయి, ప్రాణాలు మాత్రం పోలేదు.

ఇక నిర్మాణం. మన దేశం బెంగళూరులో నెలకొల్పిన డిఫెన్స్ స్పేస్ ఏజెన్సీ త్రివిధ దళాల ఉమ్మడి సంస్థ. అమెరికా మాత్రం 2019 డిసెంబరు 20న స్పేస్ ఫోర్స్ పేరుతో ప్రత్యేక దళాన్నే కట్టుకుంది. వైమానిక దళంలో స్క్వాడ్రన్‌కు, పై కమాండ్‌కు మధ్య గ్రూపు, వింగు లాంటి అంచెలుంటాయి. స్పేస్ ఫోర్స్ వాటిని తగ్గించి మూడే ఉంచింది: స్క్వాడ్రన్, డెల్టా, ఫీల్డ్ కమాండ్. ఒక్కో డెల్టాకు ఒక్కో పని. క్షిపణి హెచ్చరిక నాలుగో డెల్టాది. నిమిషాల్లో తేలాల్సిన పనికి అంచెలు తగ్గడం ఎంత అవసరమో వేరే చెప్పాలా? సిబ్బందిని తయారుచేసేది స్పేస్ ఫోర్స్ అయితే, వారిని యుద్ధంలో నడిపేది స్పేస్ కమాండ్. ఈ రెంటినీ వేరుగా ఉంచారు.

ఇంకో చిక్కుంది. నౌకాదళం వాడు సముద్రానికి వెళ్ళొచ్చాక ఒడ్డున శిక్షణ పొందుతాడు. ఇక్కడి సైనికుడు రోజూ ఇంటి నుంచి వచ్చి అదే కుర్చీలో అసలు యుద్ధం చేస్తాడు, ఇక సాధనకు తీరికెక్కడ? అందుకని కాలాన్నే విడగొట్టారు: కొంతకాలం నేర్చుకోవడం, కొంతకాలం జట్టుగా సాధన, ఆ తర్వాతే కాపలా డ్యూటీ. 2023లో మరో అతుకూ కుదిరింది. యుద్ధరంగానికి దగ్గరగా ఉండి ఉపగ్రహ సంకేతాలను నేరుగా అందుకునే సంచార కేంద్రాలు అప్పటిదాకా అమెరికా ఆర్మీ చేతిలో ఉండేవి. అవి కూడా స్పేస్ ఫోర్స్‌కు, నాలుగో డెల్టా కిందికే వచ్చాయి.