విచారణ గురువు

ఫాదర్ కామిల్ బుల్కేను గురించి సర్వేశ్వర్ దయాల్ సక్సేనా హిందీలో వ్రాసిన చిన్న స్మృతిరచన ఒకటి ఉన్నది. దాని పేరు ‘మానవీయ కరుణా కీ దివ్య చమక్’. పదవ తరగతి హిందీ పాఠ్యపుస్తకంలో అనేక సంవత్సరాలు పాఠంగా ఉండి, ఎందరో పిల్లల చేత ప్రశ్నలకు జవాబులు వ్రాయించిన రచన అది. పాఠ్యపుస్తకంలో చేరిన రచనకు తరచు ఒక దుర్గతి పడుతుంది. అందరూ చదివినదే అయినా ఎవరూ చదవనిదవుతుంది. దానిని తెలుగు చేయడానికి కూర్చున్న తరువాతనే నేను కూడా నిజంగా చదివినానని చెప్పుకోవాలి.

అనువాదకులకు చిక్కు ఆరంభంలోనే ఎదురవుతుంది. బుల్కే 1982 ఆగస్టు 17న ఢిల్లీలో గాంగ్రీన్ వ్యాధితో మరణించారు. సర్వేశ్వర్ ఆ వ్యాధిని ‘జహర్‌బాద్’ అంటారు. ఆ మాటలోనే విషమున్నది. జన్మంతా ఇతరులకు తీపిని పంచిన మనిషి దేహంలో విషం పుట్టడమేమిటన్న ఆక్రోశం ఆ ఒక్క పదాన్ని ఆధారం చేసుకొని నిలబడింది. తెలుగులో ‘గాంగ్రీన్’ అని వ్రాస్తే ఆక్రోశం కాస్తా ఆసుపత్రి కాగితమైపోతుంది. నేను జహర్‌బాద్‌నే ఉంచాను. జహరు అన్న మాట తెలంగాణ పాఠకులకు కొత్త కాదు. సర్కారు జిల్లాల వారు ఒక్క క్షణం ఆగి చదువుకుంటారు. అక్కడ ఆగడం మంచిదే.

దీనికంటే పెద్ద చిక్కు ‘సన్న్యాసి’ అన్న మాట దగ్గర వచ్చింది. దానిని గురించి చెప్పాలంటే ముందుగా ఆ మనిషిని గురించి నాలుగు మాటలు చెప్పాలి.

బుల్కే బెల్జియం దేశస్థుడు. 1909లో రామ్స్‌కపెల్లె అనే ఊళ్ళో పుట్టారు. ఇంజనీరింగు చదువు విడిచి జెస్విట్ సభలో చేరి, 1935లో భారతదేశానికి వచ్చారు. హిందీ, సంస్కృతం నేర్చి, రాంచీలోని సెయింట్ జేవియర్స్ కళాశాలలో ఆ శాఖకు పెద్ద అయినారు. ఆయన ‘రామకథ: ఉత్పత్తి ఔర్ వికాస్’ 1950లో వెలువడింది. 1968లో ఆంగ్ల-హిందీ కోశం కూర్చారు. బైబిలును హిందీలోకి తెచ్చారు. 1974లో పద్మభూషణ్ వచ్చింది. తులసీదాసు అంటే ఆయనకు ప్రాణం. ‘ఏక్ ఈసాయీ కీ ఆస్థా, హిందీ-ప్రేమ్ ఔర్ తులసీ-భక్తి’ అని తాను వ్రాసుకున్న ఒక రచనకు పేరు పెట్టారు. ఆ పేరులోని వరుసను గమనించాలి. ఆస్థ ముందున్నది, హిందీ, తులసి తరువాత వచ్చినవి. ఆయనను హిందీ సేవకుడుగా, తులసీ భక్తుడుగా పొగిడే మనవారు చాలామంది ఆ మొదటి మాటను మర్యాదగా దాటిపోతారు. విదేశీయుడు మన రాముణ్ణి మెచ్చుకున్నాడన్న సంతోషంలో, ఆ మనిషి ప్రతి ఉదయం ఏ దేవుని ముందు మోకరిల్లాడో అడగడం మరచిపోతాము.

మన జనసామాన్యానికి కథోలిక విశ్వాసం పరిచయమైన తోవ వేరు. అది సినిమా తోవ. 1977లో వచ్చిన మన్‌మోహన్ దేశాయి ‘అమర్ అక్బర్ ఆంథొనీ’లో అమితాబ్ బచ్చన్ పెద్ద గుడ్డులోనుండి టోపీ పెట్టుకొని బయటికి వచ్చి పాడతాడు. హాలంతా నవ్వుతుంది. ఆ గుడ్డు ఈస్టరు పండుగ గుడ్డు. సమాధిలోనుండి జీవం వెలికి రావడానికి గుర్తు. మరణాన్ని గురించి ఒక మతం చెప్పుకున్న అతి గంభీరమైన మాట అక్కడ తమాషా వస్తువయింది. నేను దీనిని ఆక్షేపించడం లేదు. పండుగలో నవ్వు కూడా ఉండాలి గదా. అయితే ఆ పాటలోని ఆంథొనీ గొన్సాల్వెస్ అన్న పేరు ఊరికే పుట్టినది కాదు. ఆ పేరుగల గోవా సంగీతకారుడు నిజంగా ఉండేవాడు. సంగీత దర్శకుడు ప్యారేలాల్‌కు వాయులీనం నేర్పిన గురువు. శిష్యుడు గురుదక్షిణగా పెట్టిన పేరును దేశమంతా నవ్వుతూ పాడుకున్నది. వేషం వెనుక మనిషి ఉన్నాడన్నమాట. తెర మీద మనకు కనబడింది వేషమే.

తెలుగు తెర మరొక తోవ తొక్కింది. 1978లో విజయచందర్ క్రీస్తుగా నటించిన ‘కరుణామయుడు’ వచ్చింది. హిందీలో దాని పేరు ‘దయాసాగర్’. ఈ పేర్ల సంగతి నా పనికి నేరుగా సంబంధించినది. హిందీ పాఠకుడు ‘కరుణ’ అని వినగానే బుద్ధుణ్ణి తలుస్తాడు. సర్వేశ్వర్ శీర్షికలోని కరుణకు ఆ ఛాయ ఉన్నది. తెలుగు పాఠకునికి, ముఖ్యంగా ఆ సినిమా తరువాత, కరుణ అన్నది క్రీస్తు పేరులో సగమైపోయింది. కనుక నేను శీర్షికలోని మాటను మార్చకుండానే, తెలుగులోకి రాగానే అర్థం తానే మారిపోయింది. మూలంలో ఒక కవి తన స్నేహితునికి ఇచ్చిన బిరుదు, తెలుగులో ఆ స్నేహితుడు కొలిచిన దేవుని నామమయింది. అనువాదంలో నష్టాలే చెప్పుకుంటాము. ఇటువంటి లాభాలు కూడా అప్పుడప్పుడు దొరుకుతవి.

ఇక రచన. సర్వేశ్వర్ బుల్కేను అలహాబాదులోని ‘పరిమళ్’ సాహితీ బృందం రోజులనుండి ఎరుగుదురు. అందులో ధర్మవీర్ భారతి, రఘువంశ్ వంటివారు ఉండేవారు. ఆ బృందంలో ఫాదరు ఇంటిపెద్ద వంటివాడు. హాస్యాలలో కలిసేవాడు, రచనలను నిర్మొహమాటంగా విమర్శించేవాడు, ఎవరి ఇంట్లో శుభకార్యమైనా పురోహితునివలె, పెద్దన్నవలె నిలబడి ఆశీర్వదించేవాడు. సర్వేశ్వర్ బిడ్డకు అన్నప్రాశన నాడు నోట తొలిముద్ద పెట్టినది ఆయనే. ఒక జెస్విట్ గురువు హిందూ గృహంలో పసివానికి అన్నం తినిపించడాన్ని రచయిత ఏ వ్యాఖ్యానమూ లేకుండా చెప్పి ఊరుకున్నాడు. మత సామరస్యం అన్న మాట ఎక్కడా వాడలేదు. మరొకరైతే వాడకుండా ఉండగలిగేవారా!

తరువాత మరణాలు. సర్వేశ్వర్ భార్యను, కుమారుణ్ణి పోగొట్టుకున్నారు. ఆ సమయంలో ఫాదరు చెప్పిన మాటలనుండి అరుదైన శాంతి తనపై వర్షించినదని వ్రాస్తారు. ఒక్క వాక్యం తప్ప ఆ మాటలు ఏమిటో మాత్రం వ్రాయరు. ఈ రచనలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించిన చోటు ఇది. ఓదార్పు మాటలను కాగితం మీద పెడితే అవి దాదాపు ఎప్పుడూ చప్పబడిపోతవి. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎంతసేపు పక్కన కూర్చున్నారు అన్నదే వాటి బలం. సర్వేశ్వర్ కవి గనుక దానిని ఎరుగును.

ఇప్పుడు ‘సన్న్యాసి’. బుల్కే సంకల్పం చేత సన్న్యాసే గాని మనసు చేత సన్న్యాసి కాడేమో అని సర్వేశ్వర్‌కు అనుమానం. ఎందుకంటే ఆయన ఒకసారి బంధం కలుపుకుంటే తెంచుకునేవాడు కాదు. ఏళ్ళ తరువాత కలిసినా ఆ పరిమళం తగ్గేది కాదు. ఢిల్లీ వస్తే ఎండా వానా చూడకుండా వెతుక్కుంటూ వచ్చేవాడు. ఇంతమట్టుకు చూచినది అక్షరాలా సత్యం. కాని చూచినదానికి పెట్టిన పేరు తప్పు. మన సన్న్యాసి బంధాలు తెంచుకొని వెళ్ళేవాడు. తన శ్రాద్ధం తానే పెట్టుకొని, పూర్వాశ్రమాన్ని దహనం చేసుకునేవాడు. కథోలిక గురువు వ్రతం అది కాదు. అతడు ఒక ఇంటివాడు కాకపోవడం అందరి ఇళ్ళకూ చెందడానికి. బంధాలు నిలుపుకోవడం బుల్కే వ్రతంలో లోపం కాదు. అదే ఆయన వ్రతం. సర్వేశ్వర్ తన స్నేహితుని మతాన్ని అంత దగ్గరగా చూచి కూడా, దానిని మతమని గుర్తించక స్వభావమనుకున్నారు.

ఈ పొరపాటు ఆయన ఒక్కరిది కాదు. 18వ శతాబ్ది తొలి సంవత్సరాలలో పుంగనూరు ప్రాంతానికి వచ్చిన ఫ్రెంచి జెస్విట్లు సన్న్యాసి వేషంతోనే వచ్చారు. మంగళగిరి ఆనందకవి క్రీస్తు చరిత్రను తెలుగు పద్యకావ్యంగా చెప్పి దానికి ‘వేదాంత రసాయనము’ అని పేరు పెట్టాడు. మన భాషలో ఈ మతం మొదట సన్న్యాసి మాటలతోనే పలికింది.

అయితే తెలుగు కథోలికులు తరువాత తమకు మరొక మాట కల్పించుకున్నారు. ఒక దేవాలయానికి చెందిన విశ్వాసుల ప్రాంతాన్ని వారు ‘విచారణ’ అంటారు. దానిని చూచుకునే ఫాదరును ‘విచారణ గురువులు’ అంటారు. గుంటూరు, కృష్ణా జిల్లాలలో ఇది రోజూ వినబడే మాట. బయటివారికి విచారణ అంటే నేడు కోర్టు, పోలీసు స్టేషను గుర్తుకు వస్తవి. కాని పాత అర్థం అది కాదు. ఇంటింటికి వెళ్ళి బాగోగులు అడగడం విచారణ. విశేషమేమంటే దాని తోబుట్టువయిన ‘విచారం’ తెలుగులో దుఃఖమయింది. హిందీలో ‘విచార్’ అంటే ఆలోచన మాత్రమే. ఈ దుఃఖచ్ఛాయ వారికి లేదు. విచారంలో ఉన్నవారిని విచారించడం అని తెలుగులో అన్నట్లు హిందీలో అనడానికి వీలులేదు.

బుల్కేకు విచారణ లేదు. ఆయన అధ్యాపకుడు, కోశకారుడు. కాని ఎవరు కలిసినా ఇంటి సంగతి, కుటుంబం సంగతి, సొంత కష్టం సంగతి అడగడం ఆయన అలవాటని సర్వేశ్వర్ చెబుతారు. పరిమళ్ బృందమే ఆయన విచారణ అనుకోవచ్చు. దానిలోనివారు దేవాలయానికి వెళ్ళేవారు కాకపోయినా సరే.

ఇది నాకు పుస్తకంలో మాత్రమే తెలిసిన సంగతి కాదు. సాకేత్‌లో మేముండే మేడమీద ఎదురింట్లో కేరళకు చెందిన ఒక కథోలిక వృద్ధురాలు ఉండేది, ఉద్యోగం విరమించిన నర్సు. మా నాన్నగారు పోయిన తరువాత ఆమె రోజూ సాయంకాలం జపమాల ముగించుకొని మా ఇంటికి వచ్చేది. మా అమ్మకు హిందీ రాదు. ఆమె ‘మాజీ, కుఛ్ ఖాయా?’ అని అడిగేది. మా అమ్మ ‘తిన్నానమ్మా’ అనేది. ఒక్కొక్కనాడు అది అబద్ధం. ఆమెకు తెలిసిపోయేది, వంటింట్లోకి వెళ్ళి గంజి కాచేది. దేవుని మాట ఎత్తగా నేను వినలేదు.

గుణదల కొండ మీద ఫాదర్ అర్లాటి 1924లో నెలకొల్పిన మరియమాత స్వరూపం దగ్గరకు ఏటా ఫిబ్రవరి 9 నుండి 11 వరకు లక్షలాది జనం వస్తారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయలు కొడతారు. బెజవాడలో పెరిగినవారికి అది తెలియనిది కాదు. నవంబరు 2న, సమాధుల పండుగ నాడు, అవే కుటుంబాలు గోరీలకు సున్నం వేసి, పూలు పరచి, కొవ్వొత్తులు వెలిగించి చీకటిపడేదాకా కూర్చోవడం మాత్రం పొరుగువారమైన మనకు అంతగా తెలియదు. తిరునాళ్ళ మతాన్ని చూస్తాము. విచారపు మతం గోడ అవతల ఉండిపోతుంది. హిందీలో సర్వేశ్వర్ ఆ గోడ దాటి వెళ్ళారు. అందుకే ఈ చిన్న రచనకు నేను ఇంత విలువ కడుతున్నాను.

రచనలో కొరతలు లేకపోలేదు. నడుమ ఉన్న జీవిత చరిత్ర భాగం కోశంలోని ఆరోపం వలె పొడిగా నడుస్తుంది. హిందీని హిందీవారే ఉపేక్షిస్తున్నారన్న బుల్కే ఆవేదన చెప్పవలసినదే గాని, తొందరగా చెప్పి వదిలివేశారు. చివర మృతుని జ్ఞాపకాన్ని యజ్ఞాగ్ని వేడితో పోల్చడాన్ని కొందరు తప్పు పట్టవచ్చు. నేను పట్టను. శవపేటిక ముందు నిలబడిన మనిషి తనకు తెలిసిన పవిత్రతనే తలుచుకుంటాడు. అరువు తెచ్చుకున్నదానిని కాదు.

నన్ను వదలని చోటు మరొకటి. బుల్కే ఢిల్లీలోనే జబ్బుపడి ఉంటే సర్వేశ్వర్‌కు తెలియలేదు. కనబడగానే చేతులు చాచే మనిషి, పేటికలో చేతులు చాచకుండా పడి ఉండగా చూడవలసివచ్చింది. అందరినీ విచారించినవానిని విచారించడానికి తాను పోలేదన్న బాధ ఈ రచన అడుగున కదలుతున్నది. దానిని రచయిత బిగ్గరగా చెప్పుకోలేదు. ఏ దేవుణ్ణి అడగాలి ఈ విషం ఎందుకని, అన్న ప్రశ్నగా అది పైకి వచ్చింది. ఆ ప్రశ్న వేయడంతో తాను స్నేహితుని విశ్వాసానికి వెలుపలికి వచ్చినట్లు ఆయన అనుకొని ఉంటారు. కాని బుల్కే హిందీ చేసిన బైబిలులోనే యోబు గ్రంథం ఉన్నది. నిర్దోషికి ఈ వేదన ఎందుకని దేవునితో తగవులాడే గ్రంథమది. సిలువ మీద క్రీస్తు అడిగినదీ ‘ఎందుకు’ అనే. ఆ ప్రశ్న అడిగిన క్షణంలోనే సర్వేశ్వర్ తన స్నేహితుని మతానికి అతి సమీపంగా నిలబడ్డారని నా తలంపు. ఆయనకూ ఎక్కువ కాలం మిగలలేదు. 1983 సెప్టెంబరులో పోయారు.

1982 ఆగస్టు 18న కాశ్మీరీ గేటు దగ్గరి నికల్సన్ శ్మశానంలో బుల్కేను ఖననం చేశారు. రాంచీనుండి వచ్చిన గురువు ప్రార్థనలు హిందీలో చేశారు. 1962-65 నాటి వాటికన్ మహాసభకు పూర్వమైతే అవి లాటిన్‌లో సాగేవి. హిందీ కోసం జీవితం ధారపోసినవానికి వీడ్కోలు హిందీలో దక్కడం అంత పాత సంగతి కాదన్నమాట.

అనువాదం ముగించే ముందు ఒకనాడు ఆ చోటు చూడబోయాను. సాకేత్‌లో మెట్రో ఎక్కితే పసుపుపచ్చ మార్గం ఎయిమ్స్ కిందుగా నేరుగా కాశ్మీరీ గేటుకు పోతుంది. ఆయన కన్నుమూసిన ఆసుపత్రి, ఆయనను ఉంచిన నేల ఒకే దారిలో ఉన్నవి. సాకేతమంటే అయోధ్య గదా, అక్కడినుండి రామకథ వ్రాసినవానిని చూడబోతున్నానని మనసులో అనుకున్నాను. సమాధి అక్కడ లేదు. 2018లో ఆయన అవశేషాలను రాంచీకి తీసుకువెళ్ళి, ఆయన పాఠాలు చెప్పిన కళాశాల ఆవరణలో ఉంచారు. ఈ సంగతి చదివి కూడా వెళ్ళాను. వేరే గోరీ దగ్గర ఒక కుటుంబం ఎండుటాకులు ఊడుస్తూ ఉన్నది. వారిలో ఒక ముసలాయన చీపురు ఆపి, ఎవరికోసం వచ్చారని నన్ను అడిగాడు.

అనువాదంలో ‘సన్న్యాసి’ని అలాగే ఉంచాను, రచయిత అనుమానాన్ని దిద్దే అధికారం నాకు లేదు. ఫాదరు అందరి ఇంటి సంగతులు ‘అడిగేవాడు’ అని మొదట వ్రాసిన చోట మాత్రం, ఆ సాయంకాలం ఇంటికి వచ్చి, ‘విచారించేవాడు’ అని దిద్దుకున్నాను.