ఏ గేర్లో తిరిగిన బండి?

మాదాపూర్, కొండాపూర్ సందుల్లో ఉద్యోగుల కంటే ముందు లేచేది టాటా ఏస్. హాస్టళ్లకు కూరగాయలు, ఆఫీసులకు ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు, నెల మొదట్లో గదులు మారే కుర్రాళ్ల మంచాలు, పరుపులు, వాషింగ్ మెషీన్లు అన్నీ దాని మీదే. 1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి ఈ బండి పుట్టలేదు. 2005 మే నెలలో వచ్చింది. అప్పట్నుంచి ఇక్కడ మేడలు లేస్తూనే ఉన్నాయి, వాటిలో పనిచేసే జనానికి కావలసిన తిండీ నీళ్లూ ఇదీ, దీని వెనకాల వచ్చిన దోస్త్, సూపర్ క్యారీ, మన జహీరాబాద్‌లో తయారయ్యే మహీంద్రా జీతో మోస్తూనే ఉన్నాయి. ఈ బళ్లంటే నాకు గౌరవం. ఎవరైనా సెకండ్ హ్యాండ్ బండి చూడ్డానికి తోడు రమ్మంటే సెలవు రోజైనా సరే బయల్దేరతాను.

ఈమధ్య మా వీధిలో మెస్ నడిపే ఒకావిడ అడిగింది. గచ్చిబౌలి, రాయదుర్గం ఆఫీసులకు మధ్యాహ్నం భోజనాలు పంపుతుంది. కిరాయి ట్రాలీలతో వేగలేక సొంత బండి కొనాలనుకుంది. "అన్నా, మీటర్ తక్కువ తిరిగింది చూసి పెట్టు" అంది. అందరూ అడిగేది అదే. ఈ ప్రాంతంలో మాత్రం మీటరు చెప్పే మాట సగమే.

ఏస్ ఇంజన్ సంగతి తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. ఇండికా కారులోని 1405 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌ను సగం చేస్తే వచ్చింది ఇది. 702 సీసీ, రెండే సిలిండర్లు, పదహారు గుర్రాల శక్తి. ముప్పావు టన్ను బరువును ఇంత చిన్న ఇంజన్‌తో కదిలించాలంటే మొదటి గేరు చాలా బలంగా ఉండాలి. పాత ఏస్‌లో మొదటి గేరు మీద ఇంజన్ ఆరుసార్లకు పైగా తిరిగితే గేర్ బాక్సు నుంచి వెనక్కి వెళ్లే షాఫ్టు తిరిగేది ఒక్కసారి. నాలుగో గేర్లో అయితే ఇంచుమించు ఒకటికి ఒకటి. మీటరు లెక్కపెట్టేది చక్రాల దూరాన్ని. ఇంజన్ పడ్డ శ్రమ దానికి తెలియదు. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సాయంత్రం ఆరింటికి మొదటి గేర్లో పాకిన కిలోమీటరూ, పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద నాలుగో గేర్లో సాగిన కిలోమీటరూ మీటరులో ఒక్కటే. ఇంజన్‌కు ఒకటి కావు, క్లచ్‌కు అసలే కావు. అందుకని అమ్మేవాణ్ని నేను మొదట అడిగేది ఎన్ని కిలోమీటర్లని కాదు. ఏ రూట్లో తిప్పారు, ఏం మోశారు అని.

మేం చూసినవాటిలో రెండు బళ్లు గుర్తుంచుకోదగ్గవి. మొదటిది మాదాపూర్‌లోనే నీళ్ల క్యాన్లు వేసిన బండి. "మీటర్ సూడున్రి సార్, అరవై వేలు గూడ దాటలే, సింగిల్ ఓనర్" అన్నాడు అమ్మే అబ్బాయి. అబద్ధం చెప్పలేదు. అయితే నీళ్ల లెక్క వేరు. 36 క్యాన్లు ఎక్కితే నీళ్లే 720 కిలోలు, ప్లాస్టిక్ బరువు కలిపితే బండి మోయాల్సిన 750 అక్కడితో నిండింది. డాలాలో ఒక్క వరుస పేర్చేసరికే ఇంచుమించు అంత పడతాయి. పైన రెండో వరుస పేర్చని నీళ్ల బండిని నేనింతవరకు చూడలేదు. వెనక కమాన్ పట్టీలు చూస్తే ఖాళీ బండికి కూడా వంపు లేదు, చాచిన చెయ్యిలా తిన్నగా ఉన్నాయి. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఇనుము కనిపిస్తోంది, పక్కనున్న బ్రేక్ పెడల్ రబ్బరు మీద గీతలింకా ఉన్నాయి. సందు సందుకూ ఆగి, గేటు గేటుకూ ఆగి, క్లచ్ మీదే నడిచిన బండి అది.

రెండోది చేవెళ్ల వైపు నుంచి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పూలు తెచ్చిన బండి. మీటరు లక్షన్నర దగ్గర్లో ఉంది. తెల్లవారుజామున బయల్దేరడం, ఖాళీ రోడ్డు, తేలికైన సరుకు, తిరుగు ప్రయాణం ఖాళీగా. మెస్ ఆవిడ మీటరు చూసి మొహం తిప్పుకుంది. నేను మాత్రం తాళం అడిగాను.

ఇక్కడి నుంచి పని చేతిది, కాలిది, చెవిది. ముందు సీటు కింద ఇంజన్ దగ్గర చెయ్యి పెట్టి చూడాలి. ఏస్‌కు ఇంజన్ సీటు కిందే ఉంటుంది. వేడిగా ఉంటే మనం రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. టీ తాగి, చల్లారాక మళ్లీ రావడం మంచిది. చల్లటి ఇంజన్ ఒక్క తిప్పుకు అందుకోవాలి. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసినప్పుడు లోపలి నుంచి గాలి పొగతో తన్నుకొస్తే దాన్ని ఉస్తాద్‌లు బ్యాక్ కంప్రెషన్ అంటారు. రింగులు, బోరు అరిగాయని అర్థం. ఇంజన్ ఊడదీసే పని కాబట్టి అక్కడే ఆగిపోవాలి. రెండు సిలిండర్ల బండి నిలబడినప్పుడు గేర్ రాడ్ వణుకుతుంది. అది దాని స్వభావం. కారు అలవాటున్నవాళ్లు దానికి భయపడి మంచి బళ్లను వదులుకోవడం చూశాను.

తర్వాత న్యూట్రల్‌లో ఉంచి చెవి పెట్టాలి. క్లచ్ తొక్కగానే కీచుమన్న మోత మొదలైతే రిలీజ్ బేరింగ్ పోయింది, అది చిన్న ఖర్చు. తొక్కకముందు ఉన్న మోత తొక్కగానే ఆగిపోతే గేర్ బాక్సు లోపలి బేరింగ్, అది పెద్ద ఖర్చు. ఈ ఒక్క తేడా తెలిసినా బేరం తీరు మారిపోతుంది. ఆపైన హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజన్ దబ్బున ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. నీళ్ల బండి ఈ పరీక్షలో చాలాసేపు తిరుగుతూ నిలబడింది. పూల బండి పాదం పూర్తిగా లేవకముందే ఆగింది.

రోడ్డు మీద చూడాల్సింది రెండో గేరు. మూడు నుంచి రెండుకు దించేటప్పుడు కరకరమంటే లోపల సింక్రో రింగులు అరిగినట్టు. పూల బండితో ఖాజాగూడ గుట్టల పక్కన వాలులో రెండో గేర్లో దిగుతూ యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాను. అరిగిన బాక్సయితే ఇలాంటి చోట గేరు దానంతటదే ఊడి న్యూట్రల్‌లో పడుతుంది. పడలేదు. అదే ఎత్తు ఎక్కుతూ మధ్యలో ఆపి మళ్లీ కదిలించాను. వెనక్కి జరగలేదు, కాలిన వాసన రాలేదు.

మాన్యువల్ గేర్ మీద నాకున్న ప్రేమకు కారణం ఇదే. బండిని నడిపినవాడి అలవాట్లన్నీ అందులో మిగిలి ఉంటాయి, తెలుసుకోవడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. హాఫ్ క్లచ్ మీద కాలు ఆనించి నడిపాడా, రెండో గేర్లో కదిలించాడా, గేర్ రాడ్ మీద చెయ్యి బరువు వేసి కూర్చున్నాడా అన్నీ పదిహేను నిమిషాల్లో మన పాదానికి తెలుస్తాయి. మా ఆఫీసులో కొత్తగా చేరే పిల్లల్లో ఆటోమేటిక్ తప్ప నడపనివాళ్లు పెరుగుతున్నారు. క్లచ్ భాష వాళ్లకు ఎవరో ఒకరు నేర్పాలని గట్టిగా అనిపిస్తుంది. ఏస్‌లో 2022లో ఎలక్ట్రిక్ కూడా వచ్చింది. ఆగుతూ పోయే సందులకు అది బాగా సరిపోతుంది, నేను కాదనను. కానీ వాడిన బ్యాటరీ ఆరోగ్యాన్ని చేత్తో తడిమి చెప్పగల ఉస్తాద్ ఇంకా నాకు తగల్లేదు.

శంకర్‌పల్లి వైపు తోట కొనుక్కున్న స్నేహితులు వారాంతాలకు పికప్ ఉంటే బాగుంటుందంటారు. తెల్ల నంబరు ప్లేటే కావాలంటే 2016 నుంచి మన శ్రీసిటీలో తయారవుతున్న ఇసుజు వీ-క్రాస్ ఉంది, ధర వేరే లోకం. పసుపు ప్లేటుకు అభ్యంతరం లేకపోతే ఏస్ చాలు. మూడు టన్నుల స్థూల బరువు దాటని సరుకు బండికి చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. కారు లైసెన్స్ చాలా అన్న అనుమానాన్ని కూడా 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్చేసింది. 7500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ఎల్ఎంవీ లైసెన్స్‌తో నడపొచ్చు.

కాగితాల దగ్గర తొందర పనికిరాదు. ఈ బళ్లలో ఎక్కువ భాగం ఫైనాన్స్ మీద కొన్నవే. ఫైనాన్స్ కంపెనీ ఎన్ఓసీ, ఫారం 35 లేకుండా పేరు మారదు. చాసిస్ నంబరు ఆర్‌సీతో అంకె అంకె సరిచూసుకోవాలి. ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్, ఎప్పటిదాకా ఉందో చూడాలి. ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా చేయించాలి కాబట్టి వయసు మళ్లిన బండికి ఆ ఖర్చు ప్రతి ఏడూ తప్పదు. పెండింగ్ చలాన్లు అమ్మేవాడి చేతే కట్టించాలి. ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని ట్రాన్స్‌ఫర్ తర్వాత చూద్దాంలే అని బీరువాలో పెట్టుకునే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. అది అమ్మినవాడికీ ప్రమాదమే. బండి ఎన్ని చేతులు మారినా, ఆర్‌సీలో పేరున్నవాడే ప్రమాద పరిహారానికి బాధ్యుడని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్సూరెన్స్‌ను తన పేరుకు మార్చమని కొన్నవాడు 14 రోజుల్లో అడగాలి.

మెస్ ఆవిడ పూల బండే తీసుకుంది. టైర్లు నాలుగూ మార్చాలని, ముందు కమాన్ బుష్‌లు పోయాయని చూపించి ఆ ఖర్చు మేరకు ధర తగ్గించమన్నాను. పూల రైతు కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. డబ్బులో కొంత ఆపుకుని, ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు రసీదు చేతికొచ్చాక మిగతాది ఇచ్చింది. డ్రైవర్‌గా చేరిన కుర్రాడికి మొదటి రోజే ఒక మాట చెప్పింది: సిగ్నల్ దగ్గర గేర్ తీసి న్యూట్రల్‌లో పెట్టు, క్లచ్ మీద కాలు ఆనించకు.