తప్పిపోయిన కుమార్తె: ఉపమానమును తిరిగి చెప్పు స్వాతంత్ర్యము

లూకా 15వ అధ్యాయములోని తప్పిపోయిన కుమారుని ఉపమానము మన సంఘములలో ఎన్నిమార్లు ప్రసంగింపబడినదో లెక్క లేదు. అందులో తండ్రి ఉన్నాడు, ఇద్దరు కుమారులున్నారు, పనివారున్నారు, క్రొవ్విన దూడ కూడ ఉన్నది. తల్లి లేదు. కుమార్తె లేదు. పెద్ద కుమారుడు కోపముతో ఎత్తిపొడిచిన వేశ్యల మాట తప్ప ఆ ఉపమానములో స్త్రీ ప్రస్తావనయే లేదు. అదే అధ్యాయములో నాణెము వెదకిన స్త్రీ ఉన్నది గదా అని ఎవరైనను అడుగవచ్చును. ఉన్నది, దీపము వెలిగించి ఇల్లు ఊడ్చినది. ఇల్లు విడిచి వెళ్లుట, తప్పిపోవుట, బుద్ధి వచ్చి తిరిగి వచ్చుట మాత్రము కుమారుని వంతే అయినది.

ఈ ఖాళీలో ఒక కుమార్తెను నిలిపిన తెలుగు రచయిత్రి ఎం.ఎం. వినోదిని. 'దాహం' నాటకము, 'బ్లాక్ ఇంక్' కథల సంపుటి ద్వారా ఆమె పాఠకులకు పరిచితులు. తప్పిపోయిన కుమార్తెను గూర్చిన ఆమె కథ, కె. సత్యనారాయణ, సూసీ తారు సంపాదకత్వమున 2013లో వెలువడిన దక్షిణ భారత దళిత రచనల సంకలనము 'స్టీల్ నిబ్స్ ఆర్ స్ప్రౌటింగ్' ద్వారా ఆంగ్ల పాఠకులకు కూడ చేరినది.

ఆదిలాబాదు జిల్లా బోథ్ ప్రాంతములో పరిచర్య చేయు కాపరులను మనస్సులో ఉంచుకొని మేము ఈ కథను చదివితిమి. తెలుగు, గోండి, మరాఠీ, లంబాడీ మాటలు ఒకే సంతలో వినబడు ఆ సీమ నుండి ఆడపిల్లలు చదువులకై ఆదిలాబాదుకు, నిర్మల్‌కు, హైదరాబాదుకు వెళ్లుచున్నారు. కథానాయిక సువార్తవాణి ప్రయాణము వారికి క్రొత్తది కాదు. ఆమె దళిత క్రైస్తవ గృహమునుండి విశ్వవిద్యాలయమునకు వెళ్లును. అక్కడ ఒక బ్రాహ్మణ స్నేహితురాలి ఇంటి తీరు ఆమెను ఆకర్షించును. వారి భోజనము, వారి శుభ్రత, వారి మాట ఆమెకు కొలబద్దలగును. తన ఇంటి వంట వాసన, తల్లి నడవడి సిగ్గుచేటుగా తోచును. కడకు అవమానమే ఆమెను తన ఇంటివైపు త్రిప్పును.

ఇక్కడ రచయిత్రి చేసిన మార్పు కేవలము లింగ మార్పిడి కాదు. లూకాలో దూరదేశమనగా దుర్వ్యాపారము, కరవు, పందుల మేత. ఈ కథలో దూరదేశము పరిశుభ్రముగా, మర్యాదగా, పూజగది పరిమళముతో ఉన్న గృహము. ప్రసంగపీఠము నుండి మనము యౌవనస్థులను హెచ్చరించునది సారాయి దుకాణమును గూర్చి, సినిమాను గూర్చి. ఇట్టి గౌరవప్రదమైన దూరదేశమును గూర్చి ఎవరు హెచ్చరించిరి? మరియొక సంగతి. లూకాలో తిరిగివచ్చిన కుమారునికై తండ్రి వధించినది దూడను. మాంసముతోనే ఆ ఇంట పండుగ. సువార్తవాణి సిగ్గుపడుట నేర్చుకొన్నదియు అట్టి మాంసమునకే. దళిత గృహపు వంటపాత్రను లూకా విందుబల్లకు ఇంత దగ్గరగా తెచ్చిన వ్యాఖ్యానము తెలుగు ప్రసంగములలో మాకు తటస్థపడలేదు.

ఆస్తి విషయము కూడ ఆలోచింపదగినది. చిన్న కుమారుడు తన పాలు అడిగి తీసికొనెను. కుమార్తె ఏ పాలు అడుగగలదు? సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు మోషే యెదుట నిలిచి అడిగిరి, పొందిరి. అయితే 36వ అధ్యాయమునకు వచ్చునప్పటికి వారు తమ గోత్రములోనే వివాహమాడవలెనని కట్టడ వచ్చినది. ఇచ్చిన చేతితోనే గిరి గీసినట్లు. రచయిత్రులకు మన సమాజము ఇచ్చు స్వాతంత్ర్యము తరచుగా ఈ రెండవ రకమునకు చెందినది: వ్రాయుము, కాని మా గోత్రము దాటకుము.

"ప్రభువు చెప్పిన ఉపమానమును మార్చుటకు ఈమె ఎవరు?" అను ఆక్షేపణ తేలికగా త్రోసివేయదగినది కాదు. లేఖన అధికారమును నమ్ము కాపరి అడుగవలసిన ప్రశ్నయే అది. దానికి మార్కు 7:24-30 చాలునని మా అభిప్రాయము. పిల్లల రొట్టె, కుక్కపిల్లలు అను సామ్యమును యేసే చెప్పెను. సురోఫెనికయ స్త్రీ ఆ సామ్యమును త్రోసివేయలేదు. దానిలోనే నిలిచి, బల్ల క్రింది ముక్కలను చూపి, దానిని తన వైపు త్రిప్పినది. ఆమె పలికిన ఆ మాటను బట్టియే కుమార్తెకు స్వస్థత కలిగెను. వినోదిని చేసినదియు అదే విధమైన పని.

అయినను ఒక సందేహము మమ్మును విడువదు. ఇంటికి తిరిగివచ్చుటయే విమోచనగా నిలిచినప్పుడు, ఆ ఇంటిలోనే కుమార్తెకు దక్కు స్థానమును గూర్చిన ప్రశ్న వెనుకకు జరుగు ప్రమాదమున్నది. వీధిలో కులమును, ఇంట పురుషాధిక్యమును ఒకే ఊపిరిలో నిలదీసిన చల్లపల్లి స్వరూపరాణి 'మంకెన పువ్వు' కవితలను ఈ కథ ప్రక్కన పెట్టి చదువవలెను. గోగు శ్యామల సంపాదకత్వమున 2003లో వచ్చిన 'నల్లపొద్దు' సంకలనము 1921 మొదలుకొని దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చినది. వేదాంత విద్యార్థి తన గ్రంథ సూచికలో దీనికి చోటు ఇయ్యవలెను. 2013లో నంద్యాల అధ్యక్ష మండలమునకు ఇ. పుష్పలలిత దక్షిణ ఇండియా సంఘపు మొదటి స్త్రీ బిషప్పుగా ప్రతిష్ఠింపబడుట గొప్ప సంగతియే. అయితే పీఠమెక్కుట ఒకటి, తన మాటను తన పేరుతో వ్రాసి అచ్చువేయించుట మరియొకటి.

బోథ్ ప్రాంతపు స్త్రీల కూడికలలో ఈ ఉపమానమును చదివి, కుమార్తె వెళ్లియుంటే ఏమి జరిగియుండునో వారినే చెప్పుమని అడుగవచ్చును. గోండిలో చెప్పినను, తెలంగాణ మాటలో చెప్పినను కాపరి దానిని దిద్దక వ్రాసికొనవలెను. 'అవ్వ' అన్నచోట 'తల్లి' అని, 'బువ్వ' అన్నచోట 'ఆహారము' అని గ్రంథ భాషలోనికి మార్చినయెడల వ్రాసినవాడు కాపరియే అగును. క్రింద ఎవరి పేరు ఉండవలెనో కూడ ఆమెనే అడుగవలెను.