గ్రామున్నర పసుపు

కోటబొమ్మాళి వైపు పల్లెల్లో పెద్దవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, చుట్ట తాగే తీరు బయటివాళ్లకి వింత. నిప్పున్న కొస నోట్లో ఉంటుంది. అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, చేతి పనికి అడ్డు రాదు. కాలేది అంగిలి. శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మందిని పరీక్షించిన పిండ్‌బోర్గ్, మెహతా బృందం నూటికి 44 మంది దాకా అడ్డపొగ తాగుతారని 1971లో ప్రకటించింది. మిగతాచోట్ల అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడి వైద్యులకు పాత పరిచయం.

ఇలాంటి చోట పసరుమందు మాట ఇట్టే చెవికెక్కుతుంది. అందుకే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ నుంచి కల్పగం పొలాస, కమలా కృష్ణస్వామి తదితరులు 1992లో వెలువరించిన మూడు పేజీల పత్రమంటే నాకు గౌరవం. పసుపుతో క్యాన్సర్ నయమవుతుందా అని వాళ్లు అడగలేదు. పొగతాగేవాళ్ల మూత్రంలో జన్యువుల్ని మార్చే పదార్థాలు పోతుంటాయి కదా, పసుపు తింటే అవి తగ్గుతాయా అని మాత్రమే అడిగారు.

ఏళ్ల తరబడి పొగతాగుతున్న 16 మందికి రోజుకు గ్రామున్నర పసుపు, 30 రోజులు. కొలవడానికి సాల్మొనెల్లా బాక్టీరియా. హిస్టిడిన్ సొంతంగా తయారుచేసుకోలేని రకం అది. హిస్టిడిన్ దాదాపు లేని పళ్లెంలో ఎదగలేదు. మూత్రంలో జన్యువును మార్చే సరుకుంటే కొన్నిటికి ఆ శక్తి తిరిగొచ్చి చుక్కలుగా మొలుస్తాయి. ఇక చుక్కలు లెక్కపెట్టుకోవడమే! పసుపు తిన్నాక అవి బాగా తగ్గాయి. పొగతాగని ఆరుగురిలో నెల తర్వాతా మార్పు లేదు. ఈ మధ్యలో పరీక్షే అటూ ఇటూ జారలేదని చెప్పడానికి ఆ ఆరుగురే కాపలా. పసుపు హాని చేయలేదు కదా అని కాలేయం, చక్కెర, మూత్రపిండాలు, కొవ్వుల పరీక్షలూ చేశారు. నాకు బాగా నచ్చిన జాగ్రత్త ఇదే.

పదహారు మంది తక్కువే, నిజం. కానీ క్యాన్సర్ పాకడాన్ని మొక్కల సారాలు ఆపుతాయనే చాలా ప్రయోగాలు పళ్లెం దాటవు. కణాల పొర మీద గీత గీసి, సారం పోసి, గీత ఎంత ఆలస్యంగా పూడిందో చూస్తారు. మనిషి మింగితే పసుపులోని కర్క్యుమిన్ రక్తంలోకి చేరేది అతి స్వల్పం. నోట్లో పుట్టి మెడ గ్రంథులకు పాకే కణం దాకా అది చేరుతుందో లేదో పళ్లెం చెప్పలేదు. ఈ పత్రం మొదటినుంచీ మనిషి ఒంటినే అడిగింది.

కృష్ణస్వామి బృందం 1995లో 298 మంది అడ్డపొగ తాగేవాళ్లతో ఏడాది పరీక్ష ఫలితాలు వెల్లడించింది. అందులో పసుపు లేదు. విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింక్, సెలీనియం సగం మందికి, మిగతా సగానికి ఉత్త మాత్ర. ఎవరికేది అందుతోందో ఇచ్చేవాళ్లకీ మింగేవాళ్లకీ తెలియదు. నోటిలో క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలుండి మందు అందినవాళ్లలో 57 శాతం మందికి అవి పూర్తిగా పోయాయి. ఉత్త మాత్ర మింగినవాళ్లలోనూ 8 శాతం మందికి పోయాయి. ఆ అంకెనూ దాచకుండా పక్కనే అచ్చువేశారు.