భాగవంతి సహనము

గ్రంథకర్త నింద్యముగా జూపదలచిన శీలమును చూపరులు వంద్యముగా గ్రహించినచో దోష మెవ్వరిది? 1984వ సంవత్సరము జూలై మొదలుకొని 1985వ సంవత్సరము డిసెంబరు వఱకు దూరదర్శన్ ప్రసారము చేసిన 'హమ్ లోగ్' అను హిందీ ధారావాహిక నాటక మీ ప్రశ్నకు దగిన నిదర్శనము. మనోహర్ శ్యామ్ జోషి రచించిన యీ కథ 156 భాగములు నడచెను. ప్రతి భాగము చివర నటుడు అశోక్ కుమార్ ప్రత్యక్షమై హితము చెప్పుచుండెను. ఆయనకు వచ్చిన యుత్తరములు నాలుగు లక్షలకు మించినవి.

ఇందు భాగవంతి త్రాగుబోతు భర్త బసేసర్ రామ్ పెట్టు బాధలను, అత్తగారి దూషణములను నోరెత్తక సహించు నిల్లాలు. ఇట్టి యణకువ స్త్రీకి శ్రేయస్కరము కాదని తెలుపుటకే యామె కల్పింపబడెను. అయినను పిదప పరిశోధకులు ప్రేక్షకుల నడుగగా, పలువురు స్త్రీలు ఆమెయే తమకు మేలుబంతి యనిరి!

వీరి నజ్ఞానులని త్రోసివేయుట న్యాయము కాదు. సహనమే సతీధర్మమని తరతరములుగా విన్నవారికి, కన్నీరు గార్చు నిల్లాలిపై మొదట జాలి గలుగును. ఆ జాలియే క్రమముగా గౌరవమగును. అరగంటసేపు కథ కలిగించిన గౌరవమును క్షణకాలపు హితబోధ చెఱపజాలదు. పాత్ర తానే యొకమాఱు తలయెత్తి ఎదురాడినగాని బోధ హృదయమున నాటదు. ఇది రచయితలు గ్రహింపవలసినది.

చదువరులారా! ఇట్టి నాటకమును ఇంటిల్లిపాదియు జూచినపుడు, భాగవంతి యెంత యుత్తమురాలని మెచ్చుకొనుటకు ముందు, మన కూతున కట్టి బ్రదుకు గోరుదుమా యని యొకరి నొకరు ప్రశ్నించుకొనుడు. విమర్శ యచ్చటనే యారంభమగును.