గుండం చుట్టూ ఉన్నోళ్ళు ప్రేక్షకులు కారు

తెలుగు నాటకం కథ చెప్పేవాళ్ళు మా కడప జిల్లా సురభి దగ్గర ఆగుతారు. 1885లో అక్కడ కీచకవధ ఆడారు. మాకూ అది గర్వమే. కానీ అదే జిల్లాలో, తుమ్మలపల్లె చుట్టుపక్కలా, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పల్లెల్లోనూ మొహర్రం రోజుల్లో పీర్ల చావిడి ముందు జరిగేదాన్ని నాటక చరిత్ర లెక్కలో వేసుకోలేదు. బయటి మేధావులు మూఢనమ్మకం అన్నారు. లోపలి మౌల్వీలు షిర్క్ అన్నారు. నాటకమని మాత్రం ఇద్దరూ అనలేదు.

ప్రయోగ నాటకం కొత్తగా చెప్పిందేమిటి? కథ వరసలో నడవక్కర్లేదు, తెర అక్కర్లేదు, చూసేవాడూ ఆటలో దిగాలి. బెంగాల్‌లో బాదల్ సర్కార్ 1970ల్లో మూడో రంగస్థలమని వేదికనే వదిలేశాడు. మా చావిడికి తెర ఎప్పుడుంది? కర్బలా కథను మాకెవరూ మొదట్నుంచి చివరిదాకా వరసగా చెప్పలేదు. ఒక పాటలో కాసిం పెళ్ళి, ఇంకో పాటలో నీళ్ళకెళ్ళి చేతులు తెగిన అబ్బాస్, మధ్యలో దప్పికతో సకీనా. ఆ ముక్కల్ని ఎవరికి వాళ్ళం కలుపుకున్నాం. గుండం చుట్టూ అడుగేసేవాళ్ళలో దూదేకులోళ్ళూ, బోయలూ, మాలమాదిగలూ, రెడ్లూ ఉంటారు. పీరెత్తిన మనిషి ఊగుతుంటే వాన గురించీ, బిడ్డ గురించీ అడుగుతారు. జవాబు ముందే రాసిపెట్టి ఉండదు.

మాదని చెప్పి మేం కళ్ళు మూసుకోం. అడిగేది అందరూ, పీరెత్తేది మగాళ్ళే. ఆడవాళ్ళు నీళ్ళు పోసి, మొక్కి పక్కకు జరగాలి. ముగింపూ మారదు. ఏటేటా హుస్సేన్ షహీద్ అవుతాడు, మేం పీర్లను ఏటికి సాగనంపి ఇంటికొస్తాం. బ్రెజిల్ నాటకకారుడు అగస్టో బోల్ సరిగ్గా ఇక్కడే అడ్డం తిరిగాడు. ఫోరం నాటకంలో చూసేవాడు ఆట ఆపొచ్చు. దెబ్బతింటున్న పాత్రలోకి తానే దిగి, ఇంకోలా చేసి చూపించొచ్చు.

మాకు కావలసింది ఆ ఒక్క అడుగే. తుమ్మలపల్లెలో 2012లో యురేనియం గని మొదలైంది. దాని వ్యర్థాలు పోసే చెరువు చుట్టూ ఉన్న రైతులు బోరునీళ్ళు చెడిపోయాయని, అరటితోటలు దెబ్బతిన్నాయని ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. గుక్కెడు నీళ్ళు అందని వాళ్ళ కథను తరతరాలుగా మోస్తున్న జనానికి నీళ్ళ గురించి అడగడానికి వేరే వేదిక కావాలా?

నాటకం కట్టేవాళ్ళు మా చావిడికి రంగులు ఏరుకోడానికి వస్తే మాకొద్దు. అడుగెయ్యడానికి రండి. ఈసారి ఆట ఆపి అడిగేది నీళ్ళు మోసే ఆడమనిషి కానివ్వండి.